పిలిస్తే వచ్చే కుక్క

మా ఊరి పేరు చెప్పను. భయపడి కాదు. పురపాలక సంఘం ఉద్యోగి తన సంస్థ పేరు ఎక్కడైనా రాయాలంటే పై అధికారి ముందస్తు అనుమతి తీసుకోవాలని మాకు సర్క్యులర్ ఉంది. అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకున్నాను. దాని మీద ఇంతవరకూ ఎవరూ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. కాబట్టి గోదావరి కాలువ పక్కన ఉన్న ఏదో ఒక ఊరు అనుకోండి, చాలు. అటువైపు కాలువలకీ కొదవ లేదు, ఊళ్ళకీ కొదవ లేదు.

నా పేరు తాతారావు. ఆరోగ్య విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. నాకో జబ్బు ఉంది. ఫోను మోగితే ఎత్తుతాను. మా నాన్నకీ ఇదే జబ్బు ఉండేది. వీధి తలుపు ఎవరు తట్టినా అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయేవారు. వంశపారంపర్యం అనుకుంటాను.

మా ఆఫీసులో ఇలాంటివాళ్ళం ఒకప్పుడు చాలామందిమి ఉండేవాళ్ళం. ఫోను ఎత్తినవాడికే పని తగులుకుంటుంది. పని చేసినవాడి సంతకమే కాగితం మీద ఉంటుంది. సంతకం ఉన్నవాడికే మెమో వస్తుంది. ఆ వరసలో ఒకాయన సస్పెండయ్యారు, ఒకావిడ విసిగి ముందే రిటైరైపోయారు, మిగిలినవాళ్ళు దూరాలకి బదిలీ అయ్యారు. ఫోను మోగుతుంటే గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చునేవాళ్ళు మాత్రం ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. కొందరు ప్రమోషన్ల మీద పై అంతస్తుకి కూడా వెళ్ళారు. ఇది ఫిర్యాదు అనుకోకండి. నేను చెప్పబోయేది కుక్కల గురించి.

మా ఊళ్ళో వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే పథకం పదేళ్ళ కిందట మొదలైంది. మంచి పథకమే. కుక్కని పట్టుకుని, బండిలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఆపరేషన్ చేసి, గుర్తు కోసం చెవి కొస కాస్త కత్తిరించి, మళ్ళీ పట్టిన వీధిలోనే వదిలేస్తారు. కుక్కకి ప్రాణహాని లేదు, జనానికి ఇబ్బంది లేదు. బండికి మేస్త్రీ నూకరాజు. బక్కపల్చటి మనిషి, నోట్లో ఎప్పుడూ వక్కపొడి నములుతూ ఉంటాడు. మొదట్లో అతనూ అతని మనుషులూ వల పట్టుకుని ఏ కుక్క ఎదురైతే ఆ కుక్క వెంట పరిగెత్తేవారు.

ఇంతలో వాళ్ళలో ఒకణ్ణి కుక్క కరిచింది. అతను సెలవు అడిగాడు. సెలవు అడిగేసరికి కమిషనరు విద్యాధర్ గారు ఆలోచనలో పడ్డారు.

విద్యాధర్ గారు మామూలు మనిషిలాగా మాట్లాడరు. మంచినీళ్ళు కావలసినా "నీరు సరఫరా చేయబడవలెను" అంటారు. ఆయన ఆలోచించిన ఫలితంగా గోడ మీద ఈ మెమో అంటించారు: "విధి నిర్వహణలో కుక్కచే కరవబడిన సిబ్బంది, తాము కరవబడుటకు దారితీసిన అజాగ్రత్తకు గల కారణములను మూడు ప్రతులలో సమర్పించవలెను. సదరు కారణములు సంతృప్తికరముగా లేనిచో, సదరు కాటు వ్యక్తిగతమైన కాటుగా పరిగణింపబడును."

వ్యక్తిగతమైన కాటుకి సెలవు లేదు. ఇంజెక్షను కూడా సొంత ఖర్చే.

ఆ పక్కనే వారం తిరక్కుండా ఇంకో మెమో అంటించారు. నెలకి ఇన్ని ఆపరేషన్లు జరిగి తీరాలని అందులో ఉంది. నూకరాజు ఆ రెండు కాగితాల ముందూ చాలాసేపు నిలబడి, నా దగ్గరికి వచ్చాడు.

"అంటే తాతారావు గారూ, కుక్కల్ని పట్టాలండి. కానీ అయ్యి మమ్మల్ని కరవకూడదండి. అంతేనాండీ?"

"అంతే" అన్నాను.

"అయితే ఇంకేటండీ. కరవనియ్యే పడతాం" అన్నాడు. అతని మొహం విచ్చుకుంది.

ఆ రోజు నుంచి పని సాఫీగా సాగిపోయింది. నూకరాజు వీధి మొదట్లో బండి ఆపించి, గొంతుక్కూచుని, బిస్కెట్టు విరిచి, "చు చు చు" అని పిలిచేవాడు. తోక ఊపుకుంటూ వచ్చిన కుక్కని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బండిలో కూర్చోబెట్టేవాడు. వల బయటికి తియ్యాల్సిన పనే ఉండేది కాదు. తూము కింద దూరి గుర్రుమనే వాటి జోలికి వెళ్ళేవాడు కాదు. "దానికి మనం గిట్టం రా, పోనీ" అని మనుషుల్ని వెనక్కి పిలిచేవాడు. మధ్యాహ్నానికల్లా ఆ రోజు లెక్క పూర్తయ్యేది. ఎవరికీ కాటు పడేది కాదు. మూడు ప్రతుల అవసరమే రాలేదు. ఆ ఏడాది రాష్ట్రస్థాయి షీల్డు మాకే వచ్చింది. దాన్ని విద్యాధర్ గారి గదిలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు.

అయిదారేళ్ళు గడిచాయి. ఊళ్ళో ఏదో తేడా కనిపించసాగింది. బడి ముందు పిల్లల సంచులు వాసన చూసే కుక్కలూ, హోటలు మెట్ల మీద వచ్చినవాళ్ళకల్లా పొట్ట చూపించి దొర్లే కుక్కలూ, చెవులు కత్తిరించినవి, ముసలివైపోయి ఒక్కొక్కటే పోయాయి. వాటికి పిల్లలు లేవు. వాటి చోట్లోకి తూము కింద పుట్టినవి వచ్చాయి. "చు చు" అంటే ఇవి పళ్ళు చూపిస్తాయి. పాలవాళ్ళు కర్రలు పట్టుకు తిరగడం మొదలుపెట్టారు. పేపర్లు వేసే మనిషి సైకిలు ఆపకుండా పేపరు విసిరేసి పోతున్నాడు. మా వీధిలో ఒక పేపరు బావిలో పడింది.

కాట్లు ఎక్కువయ్యాయని కౌన్సిల్లో ఎవరో లేచి అడిగారు. దానికి మా విభాగం నుంచి జవాబు వెళ్ళింది: "కాట్ల సంఖ్య పెరగలేదు. కాట్లను గుర్తించు ప్రజాచైతన్యము పెరిగినది."

నూకరాజుకి మాత్రం కష్టకాలం వచ్చింది. పిలిస్తే వచ్చే కుక్క దొరకడం గగనమైపోయింది. లక్ష్యం మాత్రం తగ్గలేదు. దాంతో అతను ఊరంతా జల్లెడ పట్టేవాడు. ఎక్కడో సందు చివర ఒక మెతక కుక్కపిల్ల పుట్టిందని తెలిస్తే, అది కాస్త ఎదిగేవరకు ఆగి, బండి తోలుకెళ్ళేవాడు. పథకం ఇంత శ్రద్ధగా నడవడం నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు.

ఒక్క చోటికి మాత్రం ఆ బండి వచ్చేది కాదు. అది మా ఆఫీసు ఆవరణ. ఊరిని వార్డులుగా విడగొట్టినప్పుడు అన్ని వార్డుల గీతలూ మా ప్రహరీగోడ దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. మా ఆవరణ ఏ వార్డులోనూ లేదు. బండి వార్డుల వారీగా తిరుగుతుంది. కాబట్టి మా మెట్ల కింద మూడు తరాలుగా ఒక కుక్కల కుటుంబం ఆ బండి ఎక్కకుండా బతికింది. ఆ కుటుంబంలో ఆఖరిది బూరె.

బెల్లం రంగులో, గుండ్రంగా ఉంటుంది. టీ కొట్టు లక్ష్మి ఆ పేరు పెట్టింది. ఎవరు పిలిచినా వస్తుంది, పిలవకపోయినా వస్తుంది. మెమో తీసుకుని దిగాలుగా మెట్లు దిగేవాళ్ళ వెంట గేటు దాకా వెళ్ళి సాగనంపి వస్తుంది. మా ఆవిడ పోయాక మధ్యాహ్నం క్యారేజీ విప్పాలంటే నాకు చేతులు వచ్చేవి కావు. బూరె వచ్చి పక్కన కూర్చున్నాక పెరుగన్నం రెండు ముద్దలు దానికి, రెండు నాకు, అలా తినడం మళ్ళీ అలవాటైంది. ఆ కుక్కంటే నాకు ప్రాణం. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది.

అసలు గొడవ ప్రాంతీయ సంచాలకుల వారి వల్ల మొదలైంది. మాకు "జీవకారుణ్య పట్టణం" అని ఇంకో షీల్డు ఇవ్వడానికి ఆయన స్వయంగా వచ్చారు. ప్రధాన వీధిలో మేళతాళాలతో ఊరేగింపుగా తీసుకొస్తుంటే, రెండు కుక్కలు జీవకారుణ్యం బ్యానరు కింద నుంచి దూరి ఆయన్ని కరిచాయి. కాటు ఎక్కడ పడిందో నివేదికలో "వెనుక భాగమున" అని మాత్రమే రాశాం. ఆయన ఆ సమయంలో విధి నిర్వహణలోనే ఉన్నారు. నిబంధన అందరికీ ఒకటే. అజాగ్రత్తకు గల కారణములను మూడు ప్రతులలో సమర్పించవలెనని ఆయనకి మా ఆఫీసు నుంచి మెమో వెళ్ళింది. టైపు చేసింది నేనే.

ఆయన కారణాలు సమర్పించలేదు. ఫోను చేశారు. నేనే ఎత్తాను. ఆయన అన్న మాటలు నేను ఇక్కడ రాయలేను. మర్నాడే అత్యవసర సమావేశం పెట్టారు.

సమావేశానికి ఒక నిపుణుడు ఉండాలని నిబంధన. ఊళ్ళో చాలామంది నిపుణులకి కబురు పెట్టాం. వచ్చింది ఒక్కరే. ప్రభుత్వ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే సుభాషిణి మేడం. చేసంచి భుజాన వేసుకుని, గొడుగు మూల పెట్టి, బల్ల చివర కూర్చున్నారు. విద్యాధర్ గారు కుక్కల ప్రవర్తనలో వచ్చిన అవాంఛనీయ మార్పు గురించి పావుగంట మాట్లాడారు. ఎవరో వాటికి చెడు అలవాట్లు నేర్పుతున్నారని ఆయన అనుమానం. పక్క ఊరి హస్తం ఉందని ఇంకొకరి అనుమానం.

మేడం బల్ల మధ్యలో ఉన్న ప్లేటు వైపు చూశారు. "ఇందులో జీడిపప్పూ వేరుశనగపప్పూ కలిపి పెట్టారు కదండీ. మొదట్లో చెరిసగం ఉన్నాయి, నేను చూశాను. ఇప్పుడు చూడండి."

అందరం చూశాం. వేరుశనగపప్పు మాత్రమే ఉంది.

"జీడిపప్పు ఏదీ వేరుశనగపప్పుగా మారిపోలేదు. ఎవరూ దానికి ఏదీ నేర్పలేదు. మీరంతా జీడిపప్పు ఏరుకుని తిన్నారు, అంతే. ఇప్పుడు ఈ మిగిలిన వాటికే పిల్లలు పుడతాయనుకోండి. రేపు ప్లేటులో ఏముంటుంది?"

"జీడిపప్పు విషయము అజెండాలో లేదు" అన్నారు విద్యాధర్ గారు, మూతి తుడుచుకుంటూ.

"కుక్కలైనా అంతేనండి. మెతకదనం కొంతవరకు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. మెతకవాటిని ఏరి ఏరి మీరు పిల్లలు లేకుండా చేశారు. కరిచేవాటిని కనమని వదిలేశారు. ఏ ఒక్క కుక్కా మారలేదు. కుక్కల జనాభాలో మెతకదనం తెచ్చే జన్యువుల వాటా తరతరానికీ తగ్గిపోయింది. మారింది జనాభా. పరిణామం అంటే ఇదేనండి."

విద్యాధర్ గారు కళ్ళజోడు తీశారు.

"పరిణామమా? మన పురపాలక పరిధిలోనా?"

"అవునండి."

"దానికి లక్షల సంవత్సరములు పట్టును కదా?"

"ఇంత శ్రద్ధగా ఏరేవాళ్ళుంటే పదేళ్ళు చాలండి."

"ఎవరి అనుమతితో జరిగినది?"

పాత ఫైళ్ళు తిరగేసినా పరిణామానికి అనుమతి ఇచ్చిన దాఖలా ఎక్కడా కనిపించలేదు. విద్యాధర్ గారు అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పారు. "అనుమతి లేకుండా జరిగిన సదరు పరిణామము తక్షణమే నిలుపుదల చేయబడవలెను. జన్యువుల వాటా పదేళ్ళ క్రితము ఎంత ఉండెడిదో, ఈ ఆర్థిక సంవత్సరాంతమునకు అంతయే ఉండవలెను."

"అయితే ముందు నూకరాజు గారి బండిని ఈ ఏరడం ఆపమనండి" అన్నారు మేడం. "పడితే అన్నిటినీ పట్టాలి. లేదా కరిచేవాటిని పట్టాలి."

"అది వేరు పథకము. దాని లక్ష్యము వేరు. ఒక పథకము మరొక పథకములో జోక్యము చేసుకొనరాదు."

ఆ సాయంత్రం పరిణామ విభాగం అనే కొత్త విభాగం ఏర్పడింది. దానికి ఇన్‌ఛార్జి ఎవరన్న ప్రశ్న వచ్చింది. పై అంతస్తు నుంచి వరసగా అన్ని విభాగాలకీ ఫోన్లు చేశారు. నా బల్ల మీద ఫోను మోగింది. మిగతాది మీకు తెలుసు.

ముందుగా శిక్షణ మొదలుపెట్టాం. కరవరాదని ప్రధాన కూడళ్ళలో బోర్డులు పెట్టించాం. అవి మనుషులు చదివే ఎత్తులో ఉన్నాయని అభ్యంతరం రావడంతో కుక్కల ఎత్తుకి దించాం. కాకినాడ నుంచి ఒక శిక్షకుణ్ణి పిలిపించి, గొలుసులు వేసిన కొన్ని కుక్కలకి నెలరోజులు మర్యాద నేర్పించి, సర్టిఫికెట్లు ఇచ్చాం. శిక్షణ పొందిన కుక్కకి పుట్టిన పిల్లలకి ఆ మర్యాద రాదని మేడం ఎంత చెప్పినా విద్యాధర్ గారు వినలేదు. సర్టిఫికెట్టు సంతానానికి కూడా వర్తిస్తుందని కింద ఒక వాక్యం చేర్పించారు.

తరవాత దిగుమతి. స్నేహశీలములైన శునకములను పంపవలసిందిగా పక్క పురపాలక సంఘాన్ని కోరాం. వాళ్ళు ఎంతో సంతోషంగా ఒప్పుకున్నారు. వారంలో లారీ వచ్చింది. వెనక తలుపు తీశాక డ్రైవరు సాయంత్రం దాకా లారీ పైకప్పు మీదే ఉండిపోయాడు. వాళ్ళు తమ ఊళ్ళో వదిలించుకోవాలనుకున్నవన్నీ ఏరి మాకు పంపారు. "బయటి నుంచి వచ్చే జన్యువులతోనూ జనాభా మారుతుందండి. కానీ ఏవి వస్తాయన్నది పంపేవాళ్ళ చేతిలో ఉంటుంది" అన్నారు మేడం. ఆవిడ ఆ రోజు గొడుగు తెచ్చుకుని మంచి పని చేశారు. ఇంటికి వెళ్ళేటప్పుడు దాన్ని అడ్డం పెట్టుకుని వెళ్ళారు.

ఇక మిగిలింది వెతకడం. చెవి కత్తిరించనిదీ, పిలిస్తే వచ్చేదీ అయిన కుక్క ఊళ్ళో ఎక్కడుందో చూడమన్నారు. బిస్కెట్లు పట్టుకుని మేడం, నేను వార్డు వార్డూ తిరిగాం. ఎక్కడా లేదు. కాళ్ళు పీకుతుంటే మధ్యాహ్నం వచ్చి ఆఫీసు మెట్ల మీద కూలబడ్డాం. బూరె వచ్చి మేడం ఒళ్ళో తల పెట్టింది. ఆవిడ దాని చెవులు పట్టుకుని చూశారు. రెండూ నిండుగా ఉన్నాయి.

"తాతారావు గారూ, ఇదెక్కడిదండీ?"

"ఇక్కడిదే."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంటి?"

"మీరు వార్డుల్లో వెతకాలన్నారు. ఇది ఏ వార్డులోనూ లేదు."

మేడం చాలా రోజుల తరవాత నవ్వారు. ఆవిడ ఇంట్లో భీముడని ఒక మగకుక్క ఉంది. పేరుకి భీముడు గానీ ఉరుము వినిపిస్తే బీరువా వెనక దూరుతుంది. గడప దాటదు కనక బండికి దొరకలేదు. ఈ రెండిటికీ పిల్లలు పుడితే, వాటిని జాగ్రత్తగా పెంచి పెద్ద చేస్తే, ఊరికి మళ్ళీ ఆశ ఉందన్నారు ఆవిడ. నాకూ ఆశ పుట్టింది. ఆ మెట్ల మీద నాలుగు బెల్లం రంగు పిల్లలు దొర్లుతున్నట్టు కలలు కూడా కన్నాను.

విద్యాధర్ గారికి చెప్పాం. ఆయన ఉత్సాహపడ్డారు. వధూవరుల పరిశీలన నివేదికలు కోరారు. బుధవారం మంచి రోజని ఆయనే నిర్ణయించి, ఫొటోగ్రాఫరుని పిలవమన్నారు. బూరెకి రోజూ పాలు పోయించడానికి కూడా ఒప్పుకున్నారు. అక్కడే చిక్కు వచ్చింది. పాలు మంజూరు చేయాలంటే లబ్ధిదారు ఏదో ఒక వార్డులో నివసిస్తూ ఉండాలి. బూరె ఏ వార్డులోనూ లేదు.

"మన ఆవరణను పద్నాలుగవ వార్డులో విలీనము చేయుడు" అన్నారు విద్యాధర్ గారు.

ఒక్క సంతకంతో మా ఆవరణ పద్నాలుగో వార్డులో కలిసింది. బూరెకి పాలు వచ్చాయి. నా మనసు మాత్రం ఏదో కీడు శంకించింది. ఈ కుక్కని పట్టకుండా మినహాయింపు ఇవ్వమని అప్పుడే ఒక నోటు రాసి పైకి పంపాను. అది పరిశీలనలో ఉందన్నారు. విడిగా నూకరాజుకీ చెప్పాను. "ఆర్డరు రానీండి, నేనెందుకు ముట్టుకుంటానండీ" అన్నాడు.

సోమవారం పొద్దున వరుడి పరిశీలనకి మేడం ఇంటికి వెళ్ళాను. భీముడు నన్ను చూసి మంచం కింద దూరాడు. అనుకూల స్వభావము అని రాసుకుని ఆఫీసుకి వచ్చాను. మెట్ల మీద పాలగిన్నె ఉంది. బూరె లేదు.

"బండొచ్చిందండీ" అంది లక్ష్మి టీ కొట్టులోంచి. "నూకరాజు గేటు కాడే నిలబడి పిలిచాడండి. అదే ఎళ్ళిపోయిందండి, తోకూపుకుంటా. నేను అరిచానండి, ఒద్దే అని. అది ఇంటేనాండీ!"

నేను లోపలికి పరిగెత్తి పశువుల ఆసుపత్రికి ఫోను చేశాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆరోగ్యాధికారికి చేశాను. ఆయన గది మా పైనే. ఆయన ఫోను మోగడం నాకు కిటికీలోంచి వినిపిస్తూనే ఉంది. విద్యాధర్ గారికి చేశాను. ఇంజనీరుకి చేశాను. మేనేజరుకి చేశాను. మా భవనం మొత్తం నా ఫోన్లతో మోగిపోయింది. ఒక్కరంటే ఒక్కరు ఎత్తలేదు. పాపం వాళ్ళని అనుకోవడానికి లేదు. ఎత్తే రకం ఏనాడో ఈ భవనంలోంచి పోయింది.

ఆటో ఎక్కి వెళ్ళాను. ఆసుపత్రి వరండాలో గోనెపట్టా మీద బూరె పడుకుని ఉంది. పొట్టకి కట్టు. ఎడమ చెవి కొస లేదు. మత్తు ఇంకా దిగలేదు. డాక్టరు చేతులు కడుక్కుంటూ, "ఈ మధ్య ఇంత మంచి కుక్కని చూళ్ళేదండి, అసలు మూతి కట్టే పనే లేకపోయింది" అన్నారు.

నూకరాజు గోడకి చేరగిలబడి ఉన్నాడు. నా మొహం చూడలేకపోయాడు.

"ఏం చెయ్యనండీ. పద్నాలుగో వార్డు సోమవారవండి. ఆర్డరేమో రాలేదండి. ఈ నెల ఒక్కటీ పడలేదండి, ఊరంతా తిరిగి పిలుత్తున్నానండి, ఒక్కటీ రావట్లేదండి. అలవాటు మీద గేటు కాడ పిలిచానండి." కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఇదొక్కటే వచ్చిందండి."

నేను పక్కన కూర్చుని "బూరే" అన్నాను. కళ్ళు తెరవకుండానే తోక నేలకేసి కొట్టింది. నాకు ఏడుపు ఆగలేదు. యాభయ్యారేళ్ళవాణ్ణి, వరండాలో అందరి ముందూ ఏడ్చాను.

విచారణ జరిగింది. పురపాలక పరిధిలో మిగిలిన ఏకైక సత్ప్రవర్తన గల శునకము సంతానయోగ్యత కోల్పోవుటకు బాధ్యులెవరు అన్నది విషయం. నూకరాజు తప్పు లేదని తేలింది. అతను లక్ష్యం సాధించాడు. డాక్టరు తప్పు లేదు. విలీనం సక్రమంగానే జరిగింది. మినహాయింపు నోటు సక్రమంగానే పరిశీలనలో ఉంది. సంజాయిషీ కోసం అందరినీ ఫోనులో పిలిచారట. ఎత్తింది ఒక్కరే.

"జరిగిన పరిణామమునకు బాధ్యుడు: ఇన్‌ఛార్జి, పరిణామ విభాగము" అని తేల్చారు. భూమి మీద పరిణామానికి అధికారికంగా బాధ్యత వహించిన మనిషిని బహుశా నేనొక్కణ్ణే అయి ఉంటాను. నన్ను కాలువ అవతల మంచినీళ్ళ పంపుహౌసుకి బదిలీ చేశారు. ఊళ్ళో పరిణామం జరుగుతోందని తెలిసి కూడా సకాలంలో నివారించలేదని మేడం మీద కూడా పైకి రాశారు. ఆవిడకి వేరే జిల్లాకి బదిలీ అయింది. భీముణ్ణి తీసుకుని వెళ్ళిపోయారు.

వెళ్ళే ముందు ఆఫీసుకి వచ్చారు. ఆ రోజు నేను బల్ల ఖాళీ చేస్తున్నాను. చుట్టూ అన్ని బల్లల మీదా ఫోన్లు మోగుతున్నాయి. అందరూ క్యాలెండరు చూస్తున్నారు.

"మేడం, నేను మాత్రం ఎందుకు మారలేకపోయానంటారు? ఇన్నేళ్ళు వీళ్ళ మధ్యే ఉన్నాను కదా" అని అడిగాను.

"ఇది జన్యువుల సంగతి కాదు లెండి, ఆఫీసు సంగతి" అన్నారు ఆవిడ. కాసేపు ఆ మోత విన్నారు. "కానీ లెక్క మాత్రం అదేనండి. ఒక్కొక్కళ్ళు మారరు. ఉన్నవాళ్ళలోంచి కొందర్ని తీసేస్తారు, అంతే. ప్లేటు మారిపోతుంది."

నిబంధన ప్రకారం బూరెని పట్టిన చోటే వదిలారు. నేను సంచి భుజాన వేసుకుని గేటు దాటి, వెనక్కి తిరిగి, పేరు పెట్టి పిలిచాను. వచ్చింది. ఇద్దరం కాలువ వంతెన మీదుగా నడుచుకుంటూ పంపుహౌసుకి చేరాం. ఇక్కడ గాలి బాగుంటుంది. పెరుగన్నం ఇద్దరికీ సరిపోతుంది. దానికి పిల్లలు పుట్టవని గుర్తొచ్చినప్పుడు మాత్రం నా ముద్దలు కూడా దానికే పెట్టేస్తాను.

ఈ ఏడాది షీల్డు కూడా మా పురపాలక సంఘానికే వచ్చిందని పేపర్లో చూశాను. రాష్ట్రంలో పౌరుల నుంచి ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాని ఏకైక పట్టణమట. ఫోటోలో విద్యాధర్ గారు షీల్డు పట్టుకుని నవ్వుతున్నారు. వెనక బల్లల మీద ఫోన్లు కనిపిస్తున్నాయి. ఫోటో కాబట్టి మోత వినపడదు.

నిన్న మధ్యాహ్నం బూరె పక్కన పడుకుని కునుకు తీస్తున్నాను. పంపుహౌసు గదిలో ఫోను మోగింది. ఎవరు చేసి ఉంటారో తెలుసు. షీల్డు సభలో చదవడానికి ప్రసంగం రాసిపెట్టే మనిషి కోసం ఆఫీసంతా ఫోన్లు చేసి చేసి, ఆఖరికి ఇక్కడికి చేసి ఉంటారు. ఎత్తితే ఏమవుతుందో కూడా తెలుసు. పంపుహౌసు తరవాత బదిలీ చేయడానికి ఇంకేమీ లేదు, కాలువే.

బూరె ఒక చెవీ, ఇంకో చెవిలో మిగిలిందీ నిక్కించి, నా మొహంలోకి చూసింది. ఫోను మోగుతూనే ఉంది.

ఇద్దరం లేచాం.